సి డ్రైవు ఏదిరా?

మా రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులతో అడుగు పెడితే ఊరుకునేవాళ్లు కాదు. గుమ్మం బయట చెప్పుల వరస, లోపల ఏసీ, కిటికీలకు దుమ్ము రాకుండా మందపాటి కర్టెన్లు, మానిటర్ మీద దర్జీ చేత కుట్టించిన గుడ్డ తొడుగు. పొద్దున్నే ఆ తొడుగు తీసి మడత పెట్టటం, రాత్రి షట్టర్ దించే ముందు మళ్లీ తొడగటం ఒక తంతు. దసరాకి కీబోర్డుకి పసుపు, మానిటర్‌కి కుంకుమ బొట్టు, సీపీయూ డబ్బా ముందు నిమ్మకాయ. అగరొత్తులు మాత్రం గుమ్మం దగ్గరే వెలిగించాలి, పొగ లోపలి ఫ్యానులోకి పోతుందని. తొంభైల్లో విజయవాడ గవర్నరుపేటలోనో ఏలూరు రోడ్డులోనో డీటీపీ సెంటరు నడిపినవాళ్లని ఎవర్నయినా అడగండి, ఇంచుమించు ఇదే చెబుతారు. ఆ మిషను బజాజ్ చేతక్ కంటే ఖరీదు మరి. అప్పు చేసి కొన్నది. వడ్డీ కడుతున్నంత కాలం భక్తి దానంతటదే ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో లాప్‌టాప్ మంచం మీద దొర్లుతోంది. మూత మీద జంతికల నూనె మరకలు. ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో ఆ మూత తెరవటం. ఏమన్నా అంటే "మిషనే కదా తాతయ్యా" అంటాడు మనవడు. బీటెక్ చదువుతున్నాడు కాబట్టి వాడికి మిషనే. నాకు తిండి పెట్టింది.

నేను డీటీపీ వాణ్ణి. మా సెంటరు గుమ్మం తొక్కని కాగితం లేదు. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికల కరపత్రాలు, స్కూలు మ్యాగజైన్లు, గుడి స్థలపురాణాలు, రిటైరైన మాస్టార్లు సొంత డబ్బుతో వేసుకునే కవితా సంపుటాలు, అన్నీ నా వేళ్ల మీద నుంచే పోయాయి. కంప్యూటర్ ముందు కూర్చునే అర్హత రావటానికి ముందు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చోవాల్సి వచ్చేది. పొద్దున ఆరింటి బ్యాచ్. వరసగా రెమింగ్టన్ మిషన్లు, గోడ మీద కీబోర్డు చార్టు. తల వంచి కీల వంక చూస్తే మాస్టారు స్కేలుతో వేళ్ల మీద ఒకటిచ్చేవారు. సాంకేతిక విద్యా మండలి వాళ్లు పెట్టే లోయరు, హయ్యరు పరీక్షలు పాసైతే ఆ సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి దాచుకునేవాళ్లం. అలా నేర్చిన చదువు బుర్రలో ఉండదు, వేళ్లలో ఉంటుంది. "ష్ట్ర" ఎలా కొడతావని అడిగితే నోటితో చెప్పలేను. కీబోర్డు ముందు పెడితే కొట్టి చూపిస్తాను.

పైగా మా రోజుల్లో ఏదీ ఊరికే మారేది కాదు. 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చింది. స్టార్ట్ బటన్ పుట్టింది దాంతోనే, ఎడమ పక్క కింది మూలన. 98 వచ్చినా బటన్ అక్కడే ఉంది. 2001లో ఎక్స్‌పీ వచ్చి దానికి పచ్చరంగు వేసింది గానీ మూల మాత్రం మార్చలేదు. ఆ ఎక్స్‌పీ మద్దతు ముగిసింది 2014 ఏప్రిల్ 8న. మేం రాత్రింబవళ్లు పేజీలు కూర్చిన పేజ్‌మేకర్ 7 కూడా 2001లో వచ్చిందే. దాని తరవాత ఎనిమిది రాలేదు, రాబోదని తెలిసినా ఎవరం బాధపడలేదు. అంటే ఇంచుమించు పదమూడేళ్లు మా బల్ల మీద ఏ వస్తువూ జరగలేదు. పిల్లలు పుట్టారు, బడికెళ్లారు, హైస్కూలుకొచ్చారు. మెనూలు మాత్రం ఎక్కడివక్కడే. ఈ మాట మనవడితో అంటే "బోర్ కొట్టలేదా?" అన్నాడు. చేతిలో పనున్నవాడికి బోరెందుకు కొడుతుంది?

శుభలేఖ ఒక్కటి ఎలా తయారయ్యేదో చెబుతాను. పెళ్లికొడుకు మేనమామ రూళ్ల కాగితం మీద రాసుకొస్తాడు. దాన్ని "అను" అనే తెలుగు ఫాంట్లలో కొట్టాలి. పేరులో "లక్ష్మి" ఉందంటే ఆ పూట పనే. క్ష కింద మ ఒత్తు సరిగ్గా కూర్చోదు. కుడి పక్కకి జారిపోతుంది, లేకపోతే కింది వరసలో గుడిని పొడుస్తుంది. దాన్ని సెలెక్ట్ చేసి, కెర్నింగ్ పెట్టి, వెంట్రుక వాసి చొప్పున లోపలికి లాగాలి. ప్రూఫు తీసి ఇస్తే మేనమామ "చి.ల.సౌ." దగ్గర ఒక చుక్క ఎక్కువైందంటాడు. దిద్దాలి. లేజర్ ప్రింటర్‌లో బటర్ పేపర్ పెట్టి ప్రింటు తీసి, అది నలక్కుండా రెండు అట్టల మధ్య పెట్టి ప్లేట్‌మేకింగ్‌కి పంపాలి. మధ్యలో కరెంటు పోతుంది. యూపీఎస్ కూతలు పెడుతుంది. అందుకే రెండు లైన్లకోసారి కంట్రోల్ ఎస్ కొట్టటం ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. ఫైలు దాచటానికి ఫ్లాపీ, దాని కడుపు 1.44 ఎంబీ. మా బావమరిది తెల్లారేసరికి వాట్సాప్‌లో పంపే సుప్రభాతం వీడియో ఒక్కటి దాంట్లో పట్టదు. మేం అందులో పుస్తకాలు మోశాం.

సరే, ఆ కాలం పోయింది. షాపు ఎత్తేశాను. ఒక పాత డెస్క్‌టాప్ మాత్రం ఇంటికి తెచ్చుకుని, ఎవరైనా పాత పరిచయస్తులు అడిగితే ఒకటీ అరా పని చేసిపెడుతున్నాను. దాంట్లో విండోస్ 10 ఉంది. దానికి 2025 అక్టోబరు 14తో కాలం చెల్లిందని తెరమీద నోటీసులు రావటం మొదలైంది. 11 వేయించుకుందామని మెకానిక్ కుర్రాణ్ణి పిలిస్తే మూత విప్పకుండానే పెదవి విరిచాడు. టీపీఎం 2.0 అనేది ఉండాలట, ప్రాసెసర్ ఫలానా తరం దాటి ఉండాలట. నా మిషనుకి రోగం లేదు, రొష్టు లేదు, నిన్నటిదాకా చెప్పిన పని చేసింది. అయినా పనికిరాదట. ప్రభుత్వోద్యోగంలోనైనా రిటైర్మెంటు వయసు దాకా ఉండనిస్తారు కదయ్యా!

అప్పుడు తెచ్చాడు మనవడు ఈ లాప్‌టాప్‌ని, సెకండ్ హ్యాండ్‌ది. విండోస్ తీసేసి దాంట్లో లినక్స్ మింట్ అనేది ఎక్కించుకొచ్చాడు. "వైరస్‌ల గొడవ తక్కువ, డబ్బు కట్టక్కర్లేదు, పాత మిషన్ల మీద కూడా పరిగెడుతుంది తాతయ్యా" అని ఏకరువు పెట్టాడు. ఫిన్లాండ్‌లో హెల్సింకి యూనివర్సిటీలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు 1991లో ఈ లినక్స్‌ని మొదలుపెట్టాడట. ప్రపంచంలో ఎవరైనా చూసి దిద్దుకునేలా ఊరికే ఇచ్చేశాడట. ఊరికే వచ్చేదాని మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. ఈ మింట్ వాళ్లు ఒక్కో వెర్షన్‌కీ ఒక్కో ఆడపేరు పెడతారు. 22కి విల్మా, మా ఇంటికొచ్చిన 22.2కి జారా. "తాతయ్యా, జారాకి అప్‌డేట్ వచ్చింది, నేనొచ్చి చూస్తాలే" అని వాడు ఫోన్లో స్పీకర్ పెట్టి చెప్పటం, వంటింట్లోంచి మా ఆవిడ "ఎవరా జారా?" అనటం. ఆ పూట కాఫీ ఆలస్యమైంది.

ముందు లాప్‌టాప్ సంగతి చెప్పి తరవాత లోపలి సంగతికొస్తాను. కీబోర్డుకి కుడి పక్కన అంకెల గడి లేదు. మామూలు జనానికి దాని విలువ తెలీదు. డీటీపీ వాడికి అది కుడి చెయ్యి. ఆల్ట్ పట్టుకుని అక్కడ 0169 కొడితే కాపీరైటు గుర్తు, 0151 కొడితే పెద్ద గీత. ఇలాంటి నంబర్లు బోలెడు, ఎక్కాలంత కంఠస్థం. ఇక్కడ గడీ లేదు, గడి ఉన్న కీబోర్డు విడిగా తెచ్చి తగిలించినా లినక్స్‌లో ఆ విద్య పనిచెయ్యదు. కంట్రోల్, షిఫ్ట్, యు మూడూ కలిపి నొక్కి, ఆ తరవాత యూనికోడ్ సంఖ్య కొట్టి, ఎంటర్ నొక్కాలట. 0, సి, 1, 5 అని కొడితే "క" వచ్చింది. బాగానే ఉంది, కానీ "క" కోసం ఇంత వ్యవసాయమా?

కీలన్నీ చదునుగా ఉన్నాయి. పాత కీబోర్డులో కీ మీద చిన్న పల్లం ఉండేది, వేలు వెళ్లి అందులో కూర్చునేది. చప్పుడుండేది. పక్కగదిలోంచి విని ఆపరేటర్ పని చేస్తున్నాడా, కబుర్లాడుతున్నాడా చెప్పగలిగేవాణ్ణి. ఇప్పుడు చప్పుడు లేదు, లోతు లేదు. సీడీ పెట్టే చోటు కూడా లేదు. పక్కలు తడిమి చూశాను, సన్నటి కన్నాలు రెండో మూడో ఉన్నాయంతే. నా సర్వస్వం సీడీల్లో ఉందిరా అంటే బయట తగిలించే డ్రైవు కొందామన్నాడు. ముందు పీకేయటం, తరవాత విడిగా అమ్మటం! కొత్త వ్యాపారమంతా ఈ పద్ధతిలోనే నడుస్తోంది. ఫోన్లలో ఇయర్‌ఫోను కన్నం పోయిందీ ఇలాగే, పెట్టెలో ఛార్జర్ పోయిందీ ఇలాగే.

ఇక టచ్‌ప్యాడ్. మా మౌసులో రబ్బరు బంతి ఉండేది. వారానికోసారి కింద మూత తిప్పి, బంతి బయటికి తీసి, లోపలి చక్రాల మీద చుట్టుకున్న నల్లటి మకిలిని గోటితో గీరి ఊదితే మళ్లీ కొత్తదయ్యేది. ఆ మకిలి గీరటంలో ఒక తృప్తి ఉంది, తెలిసినవాళ్లకి తెలుస్తుంది. ఈ టచ్‌ప్యాడ్‌కి ఏం చెయ్యాలి? వేలు తడిగా ఉంటే వినదు, పొడిగా ఉంటే జారిపోతుంది. ఒక వేలయితే నొక్కుడు, రెండు వేళ్లయితే రైట్ క్లిక్, రెండు వేళ్లు కలిపి కిందికి లాగితే పేజీ పైకి పోతుంది. టైపు చేస్తూ చేస్తూ బొటనవేలి మొదలు దానికి తగిలిందా, కర్సర్ ఎక్కడికో ఎగిరిపోయి, పెళ్లికొడుకు పేరు కల్యాణ మండపం అడ్రసులో పడుతుంది. రెండు రోజులు చూసి మామూలు మౌసు తగిలించుకున్నాను. దానికీ ఇక్కడ కొత్త బుద్ధి వచ్చింది. ఏదైనా ముక్కని సెలెక్ట్ చేసి, కాపీ కొట్టకుండానే, ఇంకోచోట మధ్య చక్రం నొక్కితే ఆ ముక్క అక్కడ వచ్చి పడుతుంది. ఎవరు చెప్పారమ్మా పడమని?

తెర వెలిగాక నేను అడిగిన మొదటి ప్రశ్న, "సి డ్రైవు ఏదిరా?"

"సి డ్రైవ్ ఉండదు తాతయ్యా."

"డి?"

"అదీ ఉండదు."

"మరి ఫైళ్లు ఎక్కడ పెట్టుకోవాలి?"

"హోమ్‌లో పెట్టుకో."

"హోమ్ ఎక్కడుంది?"

"స్లాష్ లోపల."

స్లాష్ అంటే ఒక ఏటవాలు గీత. మొత్తం లోకమంతా ఆ గీత కిందే ఉంటుందట. పెన్‌డ్రైవ్ పెట్టినా దాని కిందికే వస్తుంది, సీడీ పెట్టినా దాని కిందికే వస్తుంది. అద్వైతం చెప్పినట్టే చెప్పాడు. మాకు సిలో విండోస్, డిలో పార్టీల ఫైళ్లు, ఇలో పుస్తకాలు, ఎఫ్‌లో మా అబ్బాయి దాచిన సినిమా పాటలు. డ్రైవు అక్షరం చెబితే చాలు, ఏముందో చీకట్లో చెప్పేవాళ్లం. మిషను పాడై సి ఫార్మాట్ కొట్టినా డి చెక్కుచెదరదనే ధైర్యం ఉండేది. వాడు మాత్రం హోమ్‌ని కూడా వేరే పార్టిషన్‌లో పెట్టుకోవచ్చని వాదించాడు. పెట్టుకోవచ్చురా, మరి దానికో అక్షరం ఇస్తే మీ సొమ్మేం పోయింది?

ఇంకో చాదస్తం ఉంది దీనికి. ఇంగ్లీషులో ఫైలు పేరు పెద్దబడి అక్షరంతో మొదలుపెడితే ఒక ఫైలు, చిన్నబడితో మొదలుపెడితే వేరే ఫైలు. ఒకే సంచిలో రెండూ పక్కపక్కన కూర్చుంటాయి. విండోస్‌లో ఈ పట్టింపు లేదు. ఏదైనా కొత్తది ఎక్కించాలంటే ప్రతిసారీ పాస్‌వర్డ్ అడుగుతుంది. నా ఇల్లు, నా మిషను, కొత్త ఫాంటు సామాను తెచ్చుకోవటానికి నన్నే ఎవరివి నువ్వు అంటుంది. అయితే ఒక న్యాయం చెప్పాలి. మా సెంటరులో వైరస్ పట్టిన పెన్‌డ్రైవ్ ఒకటొచ్చి మూడు మిషన్లని పడుకోబెట్టిన రోజు గుర్తుంది. ఆ రోజు ఎవరైనా ఆ ప్రశ్న అడిగుంటే బాగుండేది.

న్యాయం చెప్పటం మొదలుపెట్టాను కాబట్టి ఇదీ చెబుతాను. ఈ మింట్ తెర చూసిన మొదటి రోజే నాకు మెనూ కనపడింది, వెతక్కుండా. ఎడమ పక్క, కింద, మూలన. నొక్కితే ప్రోగ్రాముల జాబితా. కింద పట్టీలో తెరిచిన కిటికీలు, కుడి చివర గడియారం. అచ్చం మా ఎక్స్‌పీ రోజుల కొలువు. అదే విండోస్ వైపు చూడండి. 2012లో విండోస్ 8 తెచ్చి స్టార్ట్ బటన్నే ఎత్తేశారు. జనం గోల పెడితే 2013లో 8.1లో తెచ్చి పెట్టారు. 2021లో 11 వచ్చింది, బటన్ తీసుకెళ్లి పట్టీ మధ్యలో పెట్టారు. ఒక ప్రోగ్రాము తెరిచినప్పుడల్లా అది ఒక బెత్తెడు పక్కకి జరుగుతుంది. మార్చుకునే వీలుంది, ఎడమ పక్కకి తెచ్చుకోవచ్చు, కాదనను. కానీ నలభై ఏళ్లు వంట చేసిన ఇల్లాలి వంటింట్లో రాత్రికి రాత్రి పోపుల డబ్బా చోటు మార్చేసి, "కావాలంటే మళ్లీ అక్కడే పెట్టుకోవచ్చమ్మా" అంటే ఎలా ఉంటుంది? ఏ డీటీపీ ఆపరేటరు, ఏ బ్యాంకు క్లర్కు, ఏ మీసేవ కుర్రాడు అర్జీ పెట్టుకున్నాడు ఈ బటన్ జరపమని? పని చేసుకునేవాడు బటన్ వంక చూడడు. వాడి వేలికి దారి తెలుసు. ఆ దారి చెరిపేసి దానికి కొత్త డిజైన్ అని పేరు పెడితే నష్టపోయేది పనిచేసేవాడే.

ఇంతవరకూ చెప్పినవి నా గొణుగుడు. వీటికి అలవాటు పడొచ్చు, పడ్డాను కూడా. అసలు సంగతి తెలుగు.

అను కీబోర్డు లేకుండా నేను ఈ మిషను ఏం చేసుకోను అని భీష్మించుకుంటే, మనవడు ఐబస్ అనేదాన్నీ దానికి ఎం17ఎన్ అనే సరంజామానీ ఎక్కించాడు. తెలుగు కింద జాబితా తెరిచాడు. ఇన్‌స్క్రిప్ట్, పోతన, సరళ, ఐట్రాన్స్, ఆర్టీఎస్. ఆర్టీఎస్ అంటే అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు తొంభైల మొదట్లో అల్లిన పద్ధతి, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు రావటం. మనవడి తరం అంతా ఈ దారినే పోతోంది. ఇంగ్లీషులో ఏ, ఎం, ఎం, ఏ కొడతారు, "అమ్మ" వస్తుంది. వస్తుంది గానీ తెలుగు రాయటానికి ముందు బుర్రలో ఇంగ్లీషు స్పెల్లింగు రాసుకోవాలి కదా! నాకది పడదు. ఇన్‌స్క్రిప్ట్ ప్రభుత్వం ప్రమాణంగా పెట్టినది. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. పద్ధతైనది, కొత్తగా నేర్చుకునే పిల్లలకి నేనూ అదే చెబుతాను. నా వేళ్లు మాత్రం దానికి ఒప్పుకోవు. జాబితా ఇంకాస్త కిందికి దించితే "యాపిల్" అని ఉంది. తెలుగు డీటీపీ వాళ్లకి ఆ పేరు వేరే చెప్పక్కర్లేదు, మేమంతా అను స్క్రిప్ట్ మేనేజర్‌లో పెట్టుకున్న లేఅవుట్ అదే. డబ్బు కట్టి కొనే పెద్ద పెద్ద సిస్టమ్‌లలో అడిగి తెచ్చుకోవాల్సిన లేఅవుట్, ఊరికే ఇచ్చే లినక్స్‌లో ఎవరో పుణ్యాత్ముడు కూర్చుని రాసిపెట్టాడు. కొట్టి చూశాను. ఒకటి రెండు అక్షరాలు నా వేలు అనుకున్న చోట లేవు. మిగతావి వచ్చాయి. ఆ రాత్రి భోజనానికి పిలిస్తే మూడో పిలుపుకి గానీ లేవలేదు.

యూనికోడ్‌లో ఒత్తు తానే వెళ్లి తన చోట కూర్చుంటుంది. "లక్ష్మి" కొడితే లక్ష్మే వచ్చింది, కెర్నింగ్ లాగక్కర్లేకుండా. ఫాంట్ల జాబితా తెరిస్తే పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, భువనవిజయం సగం అక్కడే ఉంది. గిడుగు, గురజాడ, సురవరం, మండలి. అన్నీ ఉచితం. ఒక్క ఫాంటు డిస్క్ కోసం మేం పడ్డ పాట్లు తలుచుకుంటే ఈ తరం అదృష్టం మీద కుళ్లు పుట్టింది. యూనికోడ్ కూడా మొదట్నుంచీ బంగారం కాదులెండి. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" ఒక్కటి సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 తెచ్చి సర్దుకున్నారు. ఒక్క తెలుగు అక్షరం అంత పనిచేసిందంటే గొణుగుతూనే కాస్త మురిసిపోయాను.

తరవాత నా పాత ఫైళ్లు తెరవబోయాను. అక్కడ ఆగిపోయాను.

ఈ లినక్స్‌లో పేజ్‌మేకర్ లేదు. లిబ్రేఆఫీస్ డ్రా అనే దాంట్లో పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుచుకుంటాయని మనవడు కనిపెట్టాడు. నిజమే, తెరుచుకున్నాయి. పేజీ ఉంది, గళ్లు ఉన్నాయి, అంచు గీతలు ఉన్నాయి. అక్షరాలు మాత్రం తెలుగు కావు. టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, పౌండు గుర్తులు, డిగ్రీ సున్నాలు, కుండలీకరణాలు. కారణం నాకు తెలుసు. అప్పటి మా తెలుగు ఫాంట్లేవీ కంప్యూటర్‌కి తెలుగని చెప్పి పెట్టినవి కావు. ఇంగ్లీషు అక్షరాలకి కేటాయించిన సంకేతాల మీద తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, కొమ్ము ఒక చోట, ఒత్తు ఒక చోట తెలుగు ముక్కల బొమ్మలు అతికించారు. కంటికి తెలుగు, మిషనుకి ఇంగ్లీషు. యూనికోడ్‌లో తెలుగుకి 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా సొంత వీధి ఉంది. మా రోజుల్లో ఆ వీధిలో మేం కాపురం పెట్టలేదు. అప్పటికి అదే దారి, ఎవర్నీ అనటానికి లేదు. ఫాంటు ఉన్న మిషను మీద ఎవరికీ తేడా తెలియలేదు. ఫాంటు పోగానే అంతా ఎగిరిపోయింది.

ఆ ఫైళ్లలో ఏమున్నాయో చెప్పనా? ఒక ఊరి గుడి చరిత్ర ఉంది. ఆ ఊరి కరణం గారి మనవడు తాళపత్రాలు, శాసనాలు తిరగేసి రాసింది, వేసిన కాపీలు వందల్లోనే. ఒక హైస్కూలు స్వర్ణోత్సవ సంచిక ఉంది, యాభై ఏళ్ల పాత విద్యార్థుల జ్ఞాపకాలతో. పొలం అమ్మి పద్యకావ్యం అచ్చు వేయించుకున్న పెద్దాయన పుస్తకం ఉంది. ఆయన ఇప్పుడు లేరు. పిల్లలు వేరే దేశాల్లో ఉన్నారు, అచ్చు కాపీలకి చెదలు పట్టిందని వాళ్లే ఫోను చేసి ఫైలేమైనా మీ దగ్గరుందా అని అడిగారు. ఉంది. ఈ లాప్‌టాప్‌లో తెరిస్తే మొదటి పద్యం మొదటి పాదం నిండా డిగ్రీ సున్నాలు.

"కొత్తదానికి అలవాటు పడాలి తాతయ్యా" అని అందరూ మాకు చెబుతారు. పడుతున్నాంరా. స్లాష్‌కి పడ్డాను, జారాకి పడ్డాను, రెండు వేళ్ల లాగుడికీ పడ్డాను. మనిషి ఏడుస్తూనో నవ్వుతూనో అలవాటు పడతాడు. ఆ కావ్యం తనంతట తాను యూనికోడ్‌కి అలవాటు పడదు. దాన్ని ఎవరో చెయ్యి పట్టుకుని దాటించాలి. దాటించే కన్వర్టర్లు ఉన్నాయి, మనవడి సాయంతో పెట్టి చూశాను కూడా. గద్యం చాలావరకు వస్తుంది. ఒత్తులు రెండున్న చోట తడబడుతుంది, అరసున్నాలు ఎగిరిపోతాయి, బండిరలు సాదా ర అవుతాయి. మొత్తం మళ్లీ ప్రూఫు చదవాలి. అది చదవగలిగేది ఆ పేజీలు కొట్టిన మా తరమే. కళ్లద్దాలు ఎంత మందమైనా బండిర ఎక్కడ ఉండాలో మాకు తెలుసు. కీబోర్డులు మారినందుకు, బటన్లు జరిగినందుకు గొణిగే పెద్దలందరికీ ఇది చెయ్యదగ్గ పని. గొణుగుతూనే చెయ్యొచ్చు.

కాబట్టి డీటీపీ సెంటర్లు నడిపినవాళ్లకి, ప్రెస్సులవాళ్లకి, సొంత పుస్తకం వేయించుకుని ఫైలు దాచుకున్న రచయితలకి, వాళ్ల పిల్లలకి ఒక మనవి. ఆ పాత డబ్బాని కాటాకి వెయ్యకండి. పీఎండీ, పీ65 అని చివర ఉన్న ఫైళ్లేవైనా ఉన్నాయేమో వెతకండి. పేజ్‌మేకర్, ఆ ఫాంటు రెండూ పనిచేస్తున్న మిషను ఉండగానే ప్రతి ఫైలునీ ముందు పీడీఎఫ్ చేసి పెట్టండి. విండోస్ 10లో ఆ సదుపాయం లోపలే ఉంది, ఏదీ కొనక్కర్లేదు. పీడీఎఫ్‌లోకి ఫాంటు కూడా వెళ్లేటట్టు చూసుకోండి. ఏ ఫాంటులో, ఏ వెర్షన్‌లో కొట్టారో ఒక కాగితం మీద రాసి దానితోపాటే ఉంచండి. యూనికోడ్‌లోకి మార్చటం, ప్రూఫు దిద్దటం తీరిగ్గా చేసుకోవచ్చు. ముందు సీడీలతో మొదలుపెట్టండి. నా దగ్గరున్న సీడీల్లో చాలావాటిని డ్రైవు ఇప్పటికే చదవటం లేదు.